టీవిట్ గీత దాటేదాకా

మా పందెపు గుర్రాల యార్డులో సాయంత్రం నాలుగింటికి ఒక పద్ధతి ఉండేది. గుర్రపువాడు గుర్రానికి మాలిష్ చేసి, కొత్త గడ్డి పరిచి, గుమ్మం దగ్గర ఆ గడ్డి అంచుని జడలా అల్లి, దుప్పటి తీసేసి దాని తల దగ్గర నిలబడాలి. తాడు చేతిలో, చూపు గుర్రం ముఖం మీద. అప్పుడు యజమాని లోపలికి వస్తాడు. వంగి, ముందుకాళ్ళు రెండూ మోకాలి నుంచి గిట్ట దాకా నిమురుతాడు. ఎక్కడైనా వేడి తగిలిందంటే లోపల నరం తెగడానికి సిద్ధంగా ఉందని అర్థం. తగలకపోతే "ఊఁ" అని పక్క గదికి పోతాడు. ఆ కాసేపూ ఎవడూ తల ఎత్తడు, ఎవడూ మాట్లాడడు. మావాళ్ళు చర్చిలో కూడా అంత బుద్ధిగా ఉండగా నేను చూడలేదు.

యజమాని మార్మడ్యూక్ కాల్వర్ట్. ఉత్తర ఇంగ్లండులో మా ఊరు మిడిల్‌హామ్‌లో నలభై ఏళ్ళు పందెపు గుర్రాలని తయారు చేసినవాడు. అందరికీ పెద్దాయన. వయసులో ఉన్నప్పుడు ఒక మగగుర్రం ఆయన కుడిచేతి వేళ్ళు రెండు కొరికేసింది. మిగిలిన మూడు వేళ్ళతో ముడి వెయ్యడం కుదరదు. అందుకని గుర్రం కాలికి కట్టు కట్టినప్పుడు దాని మీద చుట్టే గుడ్డ నాడా ఒక కొస పళ్ళతో పట్టుకుని లాగి బిగించేవాడు. ఆ కొస ఎప్పుడూ తడిగా ఉండేది. దగ్గరికి వస్తే టర్పెంటైన్, వెనిగర్, కోడిగుడ్డు కలిపి చేసుకునే మర్దన నూనె వాసన. కోపం వస్తే మాటలుండవు. చేతికర్రతో నేల మీద రెండు దెబ్బలు. రెండంటే "పో" అని.

నేను డోర్కస్ ఆల్డర్సన్. నా మొగుడు ఇక్కడ గుర్రపువాడు. పధ్నాలుగులో యుద్ధం మొదలయ్యాక సైన్యం వచ్చి మా గుర్రాలని తోలుకుపోతూ వాటితో పాటు వాడినీ తోలుకుపోయింది. గుర్రాలకి రసీదు ఇచ్చారు. వాడికి అదీ లేదు. నేను వంటింట్లో చేరాను. పదేళ్ళకే బడి మానేసిన దాన్ని. గిన్నెలు కడిగాక పెద్దాయన అలమారలోని పుస్తకాలు ఒక్కొక్కటే తీసి చదివాను. గుర్రాల వైద్యం, వంశావళులు, ఇరవై ఏళ్ళ పందేల క్యాలెండర్లు. ఐదేళ్ళు తిరక్కుండా ఏ గుర్రానికి ఏం పెట్టాలో, ఏది ఎంత దూరం పరుగెత్తాలో నేను చెప్పేదాన్ని. ఆయన వంటింటి తలుపు పక్కన పలక మీద రాసేవాడు. గుర్రం పేరు, ఎన్ని ఫర్లాంగులు. పొద్దున్నే దాన్ని చూసే పని మొదలయ్యేది. గుర్రాలని తయారుచేసే లైసెన్సు మాత్రం ఆడదానికి ఇవ్వరు. పందేనికి వచ్చిన దొరసానుల టోపీల గురించి పేపర్లో రెండు కాలమ్‌లు రాసేవాళ్ళు. గుర్రాన్ని తయారుచేసిన ఆడదాని గురించి రెండు అక్షరాలు రాయడానికి వాళ్ళ సిరా సరిపోయేది కాదు. నా పేరు ఏ కాగితం మీదా లేదు. మా పలక మీద కూడా లేదు.

టీవిట్ నా గుర్రం. కాగితం మీద పెద్దాయనది. పుట్టినప్పుడు దాని కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకి పోయేవి. కాల్చేద్దామన్నారు. నేను వంటింట్లో పొయ్యి పక్కన పడుకోబెట్టి సీసాతో పాలు పట్టాను. ఐదేళ్ళకి అది మా మెట్ట మీద పరుగెత్తుతుంటే గొర్రెల కాపర్లు కూడా పని ఆపి చూసేవాళ్ళు. పందొమ్మిది వందల ఇరవై ఏడు నవంబరులో, ఆ ఏటికి చివరి పెద్ద పందేనికి, కొండల అవతల ఆల్డర్‌మీర్ కోర్సుకి దాన్ని పంపించాం. ముఖ్య గుర్రపువాడు ఆమోస్ పీకాక్ గురువారమే దాంతో రైలెక్కాడు. శనివారం మూడింటికి పరుగు.

ఊరంతా దాని మీదే పందెం కాసింది. బట్టలుతికే ఆడవాళ్ళు తలా ఆరు పెన్నీలు చీటీలో చుట్టి ఆప్రాన్ కింద దాచి బార్బరు షాపు వెనక గుమ్మంలో ఇచ్చొచ్చారు. ఆదివారం జూదం మీద గొంతు చించుకునే పాస్టరు గారి పెళ్ళాం కూడా ఇచ్చొచ్చింది. నేనే చూశాను.

నాకు పట్టింది ఆ చిల్లర కాదు. పెద్దాయనకి పిల్లల్లేరు. తమ్ముడి కొడుకు లయనెల్ వారసుడు. వాడికి గుర్రాలంటే లెక్కలేదు, మోటారు కార్లు కావాలి. వేసవిలో వచ్చి, అందరి ముందూ నన్ను చూపిస్తూ మాట ఇచ్చాడు. "పెదనాన్నా, టీవిట్ ఆ పందెం గెలిస్తే నేనీ యార్డు జోలికి రాను. మీ తర్వాత ఆమోస్ పేరు మీద ఈవిడే నడుపుకోనీ. గెలవకపోతే అన్నీ వేలం." ఆ ఒక్క పందెం మీదే నా పదమూడేళ్ళు నిలబడి ఉన్నాయి.

శుక్రవారం మధ్యాహ్నం పెద్దాయన పోయాడు.

ఒంటిగంట నుంచి నాలుగు దాకా మా యార్డుకి తాళం. గుర్రాలు పడుకునే వేళ. ఇల్లంతా నిశ్శబ్దం. నేను టీ తీసుకుని ముందుగదిలోకి వెళ్ళేసరికి ఆయన కుర్చీలో ఉన్నాడు. నాలుగింటికి తిరగడానికి బూట్లు తొడుక్కుని, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని. ఒక కన్ను సగం తెరిచి ఉంది. బూట్లు నేను పొద్దున తుడిచినవి. అద్దాల్లా ఉన్నాయి.

అప్పట్లో ఒక నియమం ఉండేది. పందేనికి గుర్రం పేరు ఇచ్చింది యజమాని. పరుగు మొదలయ్యే లోపల ఆయన పోతే ఆ పేరూ పోయినట్టే. గుర్రం ఎంత గొప్పదైనా లాయంలోనే ఉండాలి. ఆయన పోయాడని కోర్సుకి ఒక్క టెలిగ్రాం వెళితే చాలు, టీవిట్ పరుగెత్తదు.

వెనక దగ్గు వినబడింది. జేబెజ్. మా గుర్రపువాళ్ళలో ఒకడు, యుద్ధంలో విషవాయువు మింగినవాడు. గుసగుస తప్ప వాడికి గొంతు లేదు.

"పోయాడా?"

"లేదు."

"డోర్కస్, మూడేళ్ళు శవాల పక్కన పడుకున్నాను నేను. నాకు చెప్పకు."

"రేపు మూడింటి దాకా పోలేదంటున్నాను. ఆ వాయువుకి చెవులు కూడా పోయాయా?"

వాడు టోపీ తీసి నలిపాడు. "పాపం తగులుతుందే."

"నీ ఆరు పెన్నీలు ఎవరి మీద కాశావు?"

వాడు టోపీ అంచు సరిచేసుకున్నాడు.

"చెప్పు."

"టీవిట్ మీదే."

"అయితే పాపంలో ఆరు పెన్నీల వాటా నీకూ ఉంది. పొయ్యి ఆర్పు. గది చల్లగా ఉండాలి."

వాడు నిప్పులు ఎత్తుకుని పోయాక నేను ఆయన ముందు నిలబడ్డాను. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు బతికినవాడు ఇంకొక్క రోజు బతకలేకపోయాడా? ఆ సగం తెరిచిన కంటిలోకి చూస్తూ గట్టిగానే అన్నాను.

"వినండి అయ్యా. టీవిట్ గీత దాటేదాకా మీరు పోలేదు. అది గీత దాటాక మీ ఇష్టం. అర్థమైందా?"

చేతికర్ర మోకాళ్ళ మధ్య నుంచి జారి ఆయన అరచేతికి ఆనుకుని నిలబడింది. నేను తలుపు వేసి తాళం పెట్టాను.

నాలుగు కావస్తోంది. మెట్ట మీంచి పొగమంచు దిగింది. పెద్దాయనకి జలుబు చేసిందనీ, ఇవాళ నేనే తిరుగుతాననీ గుర్రపువాళ్ళకి చెబుదామని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. ఎదురుగా వరసగా ఆరు గదులు. మొదటిది టీవిట్‌ది, ఖాళీ. మిగతా ఐదు అరతలుపుల మీంచి ఐదు తలలు. జేబెజ్ నా పక్కనే లాంతరు పట్టుకుని ఉన్నాడు.

చర్చి గడియారం నాలుగు కొట్టింది.

ఐదు తలలూ ఒక్కసారి మా వైపు తిరిగాయి. నా వైపు కాదు. నా పక్కగా... తలుపు వైపు. చెవులు ముందుకి నిక్కాయి. తర్వాత ఆ చూపులన్నీ కలిసి, మనిషి నడిచేంత నెమ్మదిగా, యార్డు అడ్డంగా కదిలాయి. అటువైపు మంచు తప్ప ఏమీ లేదు.

రెండో గది గుర్రం తల లోపలికి పోయింది. యజమాని లోపలికి వస్తే గుర్రం వెనక్కి జరుగుతుంది. సరిగ్గా అలాగే. కాసేపటికి మళ్ళీ బయటికి వచ్చింది. మూడోది లోపలికి పోయింది. వచ్చింది. నాలుగోది...

"డోర్కస్," అన్నాడు జేబెజ్.

"నోరు మూసుకో."

గాలి లేదు. ఎక్కడి నుంచో టర్పెంటైన్, వెనిగర్.

ఐదోది. ఆరో గదిలో డీకన్ అనే నల్లగుర్రం. దాని తల లోపలికి పోయింది. ఎంతసేపటికీ బయటికి రాలేదు. నేను లోపల్లోపల లెక్కపెడుతున్నాను. ఇరవై... నలభై... అరవై దాటాక వచ్చింది. కళ్ళు తెల్లగా.

నేను లాంతరు లాక్కుని రెండో గదిలోకి దూసుకెళ్ళాను. గుర్రపువాడు విల్ఫ్ దాని తల దగ్గర నిలబడి ఉన్నాడు. నలుగురు పిల్లల తండ్రి, చుక్క ముట్టనివాడు.

"విల్ఫ్, ఇవాళ పెద్దాయనకి జలుబు చేసి..."

"అదేంటమ్మా, ఇప్పుడేగా వచ్చి వెళ్ళారు."

"చూశావా?"

"చూట్టం ఏంటి, తల ఎత్తుతామా? వంగారు, నిమిరారు, పోయారు. ఊఁ అనలేదు, అంతే." వాడు గొంతు తగ్గించాడు. "జలుబేనేమో. చెయ్యి బాగా చల్లబడ్డట్టుంది. పాపం గుర్రం కాలు వణికిపోయింది."

డీకన్ గదిలో మనిషి లేడు. అది జేబెజ్ చూసుకునే గుర్రం, వాడు నా పక్కనే ఉన్నాడు. లాంతరు కిందికి దించి చూశాను. దాని ఎడమ ముందుకాలికి తెల్ల ఫ్లానెల్ కట్టు. కొత్తది. నాడా బయటి వైపు బిగించి ఉంది.

"ఇది నువ్వు కట్టావు," అన్నాను జేబెజ్‌తో.

"నేనా? మధ్యాహ్నం నుంచి నీ కొంగు పట్టుకునే తిరుగుతున్నానుగా!"

కట్టు విప్పి కాలు నిమిరాను. పై నుంచి కింద దాకా రెండుసార్లు. వేడి లేదు. రాయిలా చల్లగా ఉంది. నేను చదివిన పుస్తకాలు, నేను పట్టి చూసిన కాళ్ళు, అన్నీ ఒక్కటే చెప్పాయి. ఈ కాలికి ఏమీ లేదు. ఎవడో నాతో నాటకం ఆడుతున్నాడు. కోపంగా పలక దగ్గరికి వెళ్ళి గుర్రాలన్నిటికీ రేపటి పని రాశాను, చివర దీనిది. డీకన్, ఆరు ఫర్లాంగులు.

నాడా ఒక కొస తడిగా ఉంది. అది నేను గమనించనట్టే ఉండిపోయాను.

ఆరింటికి లయనెల్ కారు వచ్చింది. రేపు కోర్సుకి వెళ్ళే ముందు పెదనాన్నని చూసి పోదామని వచ్చాడట. చేతి తొడుగులు తీస్తూ నవ్వుతున్నాడు.

"పడుకున్నారు," అన్నాను.

"ఆరింటికేనా? నేనొస్తే పడుకున్నట్టు చెప్పమన్నారా మిసెస్ ఆల్డర్సన్?"

"జలుబు."

"అయితే చూసి తీరాలి. జలుబుకి పోయేవాళ్ళు బోలెడుమంది ఆ వయసులో." ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. కళ్ళు మాత్రం నవ్వలేదు. నియమం వాడికీ తెలుసు. "తాళం ఎందుకు వేశారు?"

"గాలి తగలకుండా."

"తాళంతో గాలి ఆగుతుందా? తియ్యండి."

నా చెయ్యి ఆప్రాన్ జేబులో తాళంచెవి మీద బిగుసుకుంది. తియ్యకపోతే అనుమానం. తీస్తే అయిపోయింది. టీవిట్, యార్డు, అన్నీ. వాడు ముందుకొచ్చి తలుపు మీద వేలి కణుపులతో కొట్టాడు. "పెదనాన్నా?"

లోపల నుంచి... నేల మీద చేతికర్ర. ఒకటి. రెండు.

లయనెల్ పగలబడి నవ్వాడు. "పో అంటున్నాడు! ముసలాయనేం మారలేదు." తొడుగులు మళ్ళీ వేసుకున్నాడు. "రేపు పందెం అయ్యాక వస్తానని చెప్పండి. తిన్నగా ఉండమనండి."

కారు చప్పుడు దూరమయ్యాక వెనక్కి తిరిగాను. జేబెజ్ వంటింట్లో బల్ల పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముందుగదిలో ఇంకెవరూ లేరు.

నిజం చెప్తున్నాను, భయం నాకు తర్వాత వేసింది. ముందు సంతోషం వేసింది. చెప్పిన మాట విన్నాడు అనుకున్నాను. బతికున్నంత కాలం నేను చెప్పినట్టు రాశాడు, ఇప్పుడూ నేను చెప్పినట్టే చేస్తున్నాడు అనుకున్నాను.

తాళం తీసి చూడలేదు మరి.

శనివారం తెల్లారేసరికి మంచు ఇంకా చిక్కబడింది. పలక మీద డీకన్ పేరు లేదు. ఎవరో తుడిచేశారు. మూడు వేళ్ళతో గీసినట్టు మూడు చారలు. మిగతా పేర్లు చెక్కుచెదరలేదు.

"పంపకు డోర్కస్," అన్నాడు జేబెజ్.

"కాలు నేను చూశాను."

"నువ్వు చూశావు. ఆయనా చూశాడు."

"ఆయన పోయాడు!"

"నిన్న లేదన్నావుగా."

అక్కడే పని చెడింది. చచ్చినవాడి చెయ్యి నా చెయ్యి కంటే బాగా చెబుతుందా? పదమూడేళ్ళు ఆయన వెనక నిలబడ్డాను, ఇంకా ఆయన వెనకేనా? సుద్దముక్క తీసుకుని ఆ చారల మీదే మళ్ళీ రాశాను. డీకన్, ఆరు ఫర్లాంగులు. విల్ఫ్ దాన్ని ఎక్కి మంచులోకి పోయాడు. గిట్టల చప్పుడు దూరమై, మెట్ట చుట్టూ తిరిగి, దగ్గరపడింది. బాగానే వస్తోంది. తర్వాత కర్ర విరిగినట్టు ఒక చప్పుడు. తర్వాత విల్ఫ్ అరుపు.

ఎడమ ముందుకాలు. నరం తెగి, ఎముక బయటికొచ్చి వేలాడుతోంది. జేబెజ్ పాత సైన్యపు తుపాకీ తెచ్చాడు. యుద్ధంలో, ఫ్రాన్సులో, దెబ్బతిన్న గుర్రాలని కాల్చడమే వాడి పని. కాల్చాక నా ముఖం వైపు చూడకుండా అన్నాడు. "ఇంకెన్ని చూడాలే నువ్వు, ఆయన పోలేదని నమ్మడానికి?"

మధ్యాహ్నం రెండున్నరకి తాళం తీసి లోపలికి వెళ్ళాను. గది మంచుగడ్డలా ఉంది. ఆయన నిన్నటిలాగే కూర్చుని ఉన్నాడు. ముఖం బూడిద రంగుకి తిరిగింది. చేతికర్ర అరచేతిలోనే ఉంది.

బూట్ల నిండా బురద. మడమకి గడ్డిపరక.

ఎదురుగా కూర్చున్నాను. గడియారం చూస్తూ కూర్చున్నాను. మూడు కొట్టింది. ఇప్పుడు బయల్దేరుతారు. మూడూ రెండు. ఇప్పుడు మలుపు. నా కాళ్ళు కింద వాటంతట అవే నేలని తడుతున్నాయి. మూడూ మూడు. "రా తల్లీ," అన్నాను, "రా." మూడూ నాలుగు. ఇంక దాటే ఉంటుంది. గెలిచినా ఓడినా దాటే ఉంటుంది.

"అయిపోయింది అయ్యా," అన్నాను. "పడుకోండి."

ఆ సగం కన్ను అలాగే ఉంది.

నాలుగింటికి ఐదు నిమిషాలుండగా పోస్టాఫీసు ఆవిడ టెలిగ్రాం తెచ్చింది. ఆమోస్ పంపాడు. గుమ్మంలోనే చించి చదివాను.

పొగమంచు. జడ్జికి గీత కనబడలేదు. పందెం చెల్లదన్నారు. మనదే మెడ దూరం ముందుంది, నేను చూశాను. ఆమోస్.

మళ్ళీ చదివాను. పందెం చెల్లదు. గుర్రాలు పరుగెత్తాయి, గీత దాటాయి. కాని దాటినట్టు కాదు. మా లోకంలో జడ్జి కన్ను ఒక్కటే కన్ను. వెయ్యిమంది చూసినా జడ్జి చూడనిది జరగలేదు. పెద్దాయన నలభై ఏళ్ళు ఆ మాట మీద బతికాడు. ఎన్నోసార్లు ఆ మాట వల్లే నష్టపోయి, ఒక్కసారి కూడా ఎదురు చెప్పనివాడు.

టీవిట్ గీత దాటేదాకా అన్నాను నేను.

చర్చి గడియారం నాలుగు కొట్టింది. ముందుగది తలుపు బార్లా తెరిచే ఉంది. ఆయన కుర్చీలోనే ఉన్నాడు, నాకు కనబడుతున్నాడు. నా పక్క నుంచి చల్లటి గాలి లాంటిది ఒకటి వెళ్ళింది. టర్పెంటైన్, వెనిగర్... యార్డులో రెండో గది గుర్రం తల లోపలికి పోయింది.

ఆ రాత్రి డాక్టరు వచ్చి పెద్దాయన చెయ్యి పట్టుకుని ఎత్తబోయాడు. అది వంగలేదు. నా వైపు చాలాసేపు చూశాడు. ఆయన కూడా టీవిట్ మీద కాసినవాడే. "ఇవాళే పోయారంటారు?" అన్నాడు. "ఇవాళే," అన్నాను. శనివారం అని రాసుకున్నాడు. మంగళవారం పూడ్చిపెట్టాం. అంత్యక్రియలకి ఊరంతా వచ్చింది. నాలుగయ్యేసరికి నేను యార్డుకి వచ్చేశాను, ఎందుకో నాకే తెలియదు. నాలుగింటికి తలలు తిరిగాయి.

గెలుపంటే గెలుపే, చెల్లనిది చెల్లనిదే, గెలవలేదు కనక వేలమే అన్నాడు లయనెల్. గుర్రాలన్నీ వేలంలో పోయాయి. టీవిట్‌ని ఐర్లండు వాడెవడో కొనుక్కున్నాడు, నేను రైలు దాకా వెళ్ళి వచ్చాను, దాని గురించి రాయను. యార్డుకి మాత్రం కొనేవాడు దొరకలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు సాయంత్రం దాకా ఉండేవాళ్ళు కాదు. కాపలాకి నన్ను ఉండమన్నారు. ఉన్నాను.

ఒకసారి ఆమోస్‌ని సమాధి దగ్గరికి లాక్కెళ్ళాను.

"చెప్పు."

"ఏం చెప్పనే పిల్లా, రాయికి?" నలభై ఆరేళ్ళ దాన్ని వాడికి పిల్లనే.

"చూసింది చెప్పు."

టోపీ తీసి చెప్పాడు. "మనదే గెలిచింది అయ్యా. మెడ దూరం. నా రెండు కళ్ళతో చూశాను." ఆ సాయంత్రం కూడా మామూలే. ఆమోస్ కళ్ళు జడ్జి కళ్ళు కావు.

రెండేళ్ళకి లండన్‌లో ఆ నియమాన్నే తీసి పారేశారు. యజమాని చచ్చినా గుర్రం పరుగెత్తొచ్చట. ఆ వార్త ముందుగదిలో ఖాళీ కుర్చీకి గట్టిగా చదివి వినిపించాను. చదువుతూ నవ్వాను. నవ్వు ఆగలేదు, నేల మీద రెండు దెబ్బలు వినబడేదాకా.

ఇప్పటికి తొమ్మిదేళ్ళు. జేబెజ్ కూడా పోయాడు. ఆరు గదులూ ఖాళీ. నేను రోజూ నాలుగింటికి తలుపులు తీసి, కొత్త గడ్డి పరిచి, అంచు అల్లి, గుమ్మంలో నిలబడతాను. నిలబడకపోతే రాత్రంతా ఆ కర్ర చప్పుడు. చూసేందుకు గుర్రాలు లేవు కనక ఆయన ఎక్కడున్నాడో తెలిసేది వాసన బట్టే. మొదటి గది, రెండు, మూడు... ఆరు. తర్వాత ఏమీ ఉండేది కాదు. పోయేవాడు.

ఈ శీతాకాలం నుంచి ఆరోది అయ్యాక పోవడం లేదు. ఖాళీ గదులలో పట్టి చూడ్డానికి కాళ్ళు ఎక్కడున్నాయి? వాసన యార్డు దాటి ఇటు వస్తోంది. మొన్న మెట్టు దాకా వచ్చింది. నిన్న గుమ్మం దాకా.

ఇవాళ నాలుగింటికి మంచు దిగింది. నేను వంటింటి కుర్చీలోంచి లేవలేదు. లేవలేక కాదు, లేవకూడదనిపించింది. పొయ్యి మండుతూనే ఉంది. వాసన దగ్గరపడింది... దగ్గరపడింది... ఆగింది. నేను తల ఎత్తలేదు. మా దగ్గర ఎవరూ ఎత్తరు.

మోకాలి దగ్గర మొదలైంది. మూడు వేళ్ళు. మేజోడు మీంచి నెమ్మదిగా కిందికి... పిక్క మీంచి... చీలమండ పైన ఒక్కచోట ఆగాయి. అక్కడే. ఎంతసేపో. నేను లెక్కపెట్టాను. ఇరవై... నలభై... అరవై దాటింది.

"ఊఁ" అనలేదు.

కళ్ళు తెరిచేసరికి చీకటి పడింది. ఎడమకాలికి తెల్ల ఫ్లానెల్ కట్టు. నాడా బయటి వైపు. కొస తడిగా ఉంది. డీకన్ కట్టు విప్పి తప్పు చేశాను, అందుకని దీన్ని విప్పలేదు. ఈ కాలితో రేపు ఎక్కడికీ కదలను, మెట్టు కూడా దిగను అనుకుని, తలుపు గడియ వేద్దామని గోడ పట్టుకుని లేచాను.

తలుపు పక్కన పాత పలక ఉంది. తొమ్మిదేళ్ళుగా దాని మీద అక్షరం లేదు. ఇంట్లో సుద్దముక్క కూడా లేదు.

పలక మీద రేపటి పని రాసి ఉంది. ఒక్కటే పేరు. డోర్కస్, ఆరు ఫర్లాంగులు.

కట్టు కట్టిన కాలిని పెద్దాయన తన జన్మలో పనికి పంపలేదు. పంపింది నేనొక్కదాన్నే, ఒక్కసారే, డీకన్‌ని.

లాంతరు దగ్గరగా పెట్టి మళ్ళీ చూశాను. రాత ఆయనది కాదు.

నాది.